తప్పిపోయిన బిడ్డ కోసం గాలింపు ఎక్కడ మొదలు కావాలి?

పుదుచ్చేరి: పట్టణపు ఉత్తర భాగంలోని ముత్తియాల్‌పేటలో 2024 మార్చి 2, శనివారం మధ్యాహ్నం ఇంటి దగ్గర ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల బాలిక కనిపించకుండా పోయింది. తల్లిదండ్రులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ పరిసరాల సీసీటీవీ దృశ్యాలను పరిశీలించగా బాలిక వీధిలో నడుస్తూ కనిపించిందే తప్ప, ఆ ప్రాంతం దాటి వెళ్లినట్లు ఎక్కడా ఆధారం దొరకలేదు. మార్చి 5న ఇంటికి సమీపంలోని మురుగు కాలువలో ఆమె మృతదేహం లభించింది. పోలీసులు అరెస్టు చేసిన ఇద్దరిలో ఒకరు పందొమ్మిదేళ్ల యువకుడు, మరొకరు యాభై దాటిన వ్యక్తి. ఇద్దరూ ఆ ప్రాంతంవారే.

పట్టణం అట్టుడికింది. గాలింపులో జాప్యం జరిగిందంటూ స్థానికులు రోడ్లు దిగ్బంధించారు. మార్చి 8న ప్రతిపక్షాల పిలుపుతో బంద్ జరిగింది. ముఖ్యమంత్రి ఎన్. రంగసామి బాధిత కుటుంబానికి రూ.20 లక్షల సాయం ప్రకటించారు. కేసు ప్రత్యేక బృందం చేతికి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరులో నిందితుల్లో ఒకరు కాలాపేట కేంద్ర కారాగారంలో మరణించారు.

ఆ రోజుల్లో జరిగిన చర్చంతా దాదాపుగా రెండు విషయాల చుట్టూ తిరిగింది: గంజాయి, ఉరిశిక్ష. రెండూ ప్రజల ఆవేదనలోంచి వచ్చినవే. అయితే మరో ప్రశ్న పెద్దగా వినపడలేదు. బిడ్డ కనిపించడం లేదన్న మాట స్టేషన్ గడప దాటిన క్షణం నుంచి పోలీసులు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి, ఎంత దూరం వెదకాలి? దీనికి చట్టంలో సమాధానం ఉంది. ఆచరణలో మాత్రం అది సగంలోనే ఆగిపోతోంది.

తలుపు తెరిచే కాగితం

పిల్లలు తప్పిపోయిన ప్రతి ఫిర్యాదుపైనా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013 మే 10న ఆదేశించింది. బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ దాఖలు చేసిన పిటిషన్‌పై అప్పటి ప్రధాన న్యాయమూర్తి అల్తమాస్ కబీర్ నేతృత్వంలోని ధర్మాసనం ఇచ్చిన ఆ ఆదేశంలో అసలు బలం మరోచోట ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ ఆచూకీ తెలియలేదంటే, దర్యాప్తులో వేరే సంగతి తేలేవరకు అది అపహరణ లేదా అక్రమ రవాణా అనే ప్రాథమికంగా భావించాలని న్యాయస్థానం చెప్పింది. అంటే నిరూపణ భారం తిరగబడింది. ‘ఎవరైనా ఎత్తుకెళ్లారని మీకెలా తెలుసు?’ అని తల్లిని అడిగే వీలు పోలీసుకు లేదు. ఎత్తుకెళ్లలేదని తేల్చుకోవాల్సిన బాధ్యత అతనిదే.

అంతకుముందు ఏం జరిగేదో తెలిస్తేనే ఈ మార్పు విలువ అర్థమవుతుంది. ఫిర్యాదును జనరల్ డైరీలో ఒక పద్దుగా రాసి, వైర్‌లెస్‌లో నాలుగు స్టేషన్లకు కబురు పంపి, ‘బంధువుల ఇళ్లలో చూడండి, రేపు రండి’ అని పంపించేవారు. నోయిడాలోని నిఠారీలో 2005, 2006 సంవత్సరాల్లో వరుసగా పిల్లలు మాయమవుతున్నా పేద తల్లిదండ్రుల మొర ఎవరూ ఆలకించలేదు. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనుక కాలువలో పిల్లల అవశేషాలు బయటపడ్డాయి. వెదకాల్సిన చోటు ఊరికి ఆవల లేదు, ఊళ్లోనే ఉంది. ఆ కేసుల్లో మరణశిక్షలు పడినవారిని అలహాబాద్ హైకోర్టు 2023 అక్టోబరులో నిర్దోషులుగా ప్రకటిస్తూ దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపట్టింది. తొలినాళ్లలో పోగొట్టుకున్న ఆధారం పదిహేడేళ్ల తర్వాత కూడా తిరిగి రాదు.

ఎఫ్‌ఐఆర్ అంటే చాలామందికి ఒక నంబరు, ఒక ముద్ర. పిల్లల కేసులో అది తలుపు తెరిచే తాళంచెవి. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 185వ సెక్షన్ ప్రకారం, నేరాన్ని దర్యాప్తు చేస్తున్న అధికారికి తగిన కారణం ఉందనిపిస్తే, ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి, వారెంటు కోసం ఎదురుచూడకుండానే ఒక ఇంటిని సోదా చేయవచ్చు. సోదాను వీడియోగా చిత్రీకరించాలి. కానీ ఈ అధికారమంతా ‘నేర దర్యాప్తు’ అనే మాటపై ఆధారపడి ఉంది. డైరీలో పద్దు మాత్రమే ఉంటే దర్యాప్తు లేదు. దర్యాప్తు లేకపోతే తాళం వేసిన పక్కింటి తలుపు ముందు పోలీసు కూడా మామూలు మనిషే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. దక్షిణాది స్టేషన్లలో ‘బాలిక అదృశ్యం’, ‘బాలుడు అదృశ్యం’ అనే శీర్షికతో ఎఫ్‌ఐఆర్‌కు నంబరు వేసి, ఏ నేరపు సెక్షనూ చేర్చకుండా ఉంచే అలవాటు ఉంది. కాగితం చూస్తే సుప్రీంకోర్టు ఆదేశాన్ని పాటించినట్లే కనిపిస్తుంది. నేరం పేరు లేని ఎఫ్‌ఐఆర్‌తో సోదా అధికారం ఎంతవరకు చెల్లుతుందన్న శంక అధికారిలోనే మిగిలిపోతుంది. భారతీయ న్యాయ సంహితలోని 137వ సెక్షన్ చేరిస్తే ఆ శంక ఉండదు. సంరక్షకుల చేతిలోంచి బిడ్డను తీసుకుపోవడాన్ని ఆ సెక్షన్ శిక్షిస్తుంది. పాత శిక్షాస్మృతిలో మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు అన్న తేడా ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ తేడాను తొలగించింది.

హైదరాబాద్ పాఠకులకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. 2021 సెప్టెంబరు 9న సైదాబాద్‌లోని సింగరేణి కాలనీలో ఆరేళ్ల పాప మాయమైంది. అర్ధరాత్రి దాటాక ఆమె మృతదేహం పొరుగువాడి ఇంట్లో దొరికింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది.

మూడు గంటలు, కొన్ని వందల గజాలు

‘ఇరవై నాలుగు గంటలు ఆగాలి’ అన్న మాట సినిమాల్లోంచి వచ్చిందో, స్టేషన్ వరండాల్లోంచి వచ్చిందో గానీ, అలాంటి నిబంధన భారతీయ చట్టంలో ఎక్కడా లేదు. బాల న్యాయ నమూనా నియమావళి (2016)లోని 92వ నియమం ఫిర్యాదు అందిన వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలంటోంది. అమెరికా 1990లోనే చట్టం చేసి, పిల్లల విషయంలో ఏ పోలీసు విభాగమూ నిరీక్షణ గడువు పెట్టరాదని నిషేధించింది. 2006 నుంచి అక్కడ ఫిర్యాదు అందిన రెండు గంటల్లోగా బిడ్డ వివరాలు జాతీయ నేర సమాచార వ్యవస్థకు చేరాలి.

ఇంత తొందర ఎందుకు? వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం, అపహరణకు గురై హత్యకు లోనైన పిల్లల కేసులపై 1997లో ఒక అధ్యయనాన్ని ప్రచురించి, 2006లో దాన్ని విస్తరించింది. ఆ పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది అపహరణ జరిగిన మూడు గంటల్లోపే ప్రాణాలు కోల్పోయారని అందులో తేలింది. హంతకుడు బిడ్డను తొలిసారి పలకరించిన చోటు చాలా కేసుల్లో ఇంటికి అతి సమీపంలోనే ఉంది. హంతకుడు ఆ చోట ఉండడానికి తరచుగా మామూలు కారణమే ఉంది. అతను అక్కడే నివసిస్తాడు, లేదా అక్కడే పనిచేస్తాడు. అలాంటి కేసులు మొత్తం అదృశ్యాల్లో బహు స్వల్పం. బిడ్డ ప్రాణం గడియారంతో పందెం వేసేది మాత్రం ఆ స్వల్పంలోనే.

మన దేశపు అంకెల స్వభావం వేరు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో 83,350 మంది పిల్లలు తప్పిపోయారు. వారిలో 62,946 మంది బాలికలు. అదే ఏడాది ఆచూకీ దొరికినవారు, పాత సంవత్సరాల్లో తప్పిపోయినవారితో కలిపి, 80,561 మంది. ఎక్కువమంది దొరుకుతున్నారన్నది నిజంగా ఊరట కలిగించే విషయం. కానీ ఈ ఊరటే ఒక ప్రమాదానికి దారి తీస్తుంది. పది ఫిర్యాదుల్లో తొమ్మిదింటిలో పిల్లలు తిరిగొస్తారని అనుభవం చెబుతున్నప్పుడు, పదో ఫిర్యాదు రాసుకునే అధికారి చేయి సహజంగానే నెమ్మదిస్తుంది. పదోది ఏదో ముందే తెలియదు కాబట్టే సుప్రీంకోర్టు ప్రతిదానినీ అపహరణగా భావించమన్నది.

మన యంత్రాంగమంతా ప్రధానంగా దూరప్రయాణానికి తయారై ఉంది. ట్రాక్ చైల్డ్ పోర్టల్, 2015 జూన్‌లో మొదలైన ఖోయా పాయా, ఇప్పుడు వాటిని కలుపుకొన్న మిషన్ వాత్సల్య, జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్, రైల్వే రక్షణ దళం వారి నన్హే ఫరిష్తే: ఇవన్నీ ఒక రాష్ట్రంలో పోయి మరో రాష్ట్రంలో తేలే పిల్లల కోసం. వాటి ప్రయోజనం చిన్నది కాదు. 2018 నుంచి 2024 మే వరకు రైల్వే స్టేషన్లలో, రైళ్లలో 84,119 మంది పిల్లలను కాపాడినట్లు రైల్వే శాఖ ప్రకటించింది. భువనేశ్వర్ నుంచి వచ్చే రైలు విశాఖపట్నం, విజయవాడల మీదుగా చివరికి ఆగేది పుదుచ్చేరి స్టేషన్‌లోనే. అక్కడ ఒంటరిగా దిగే పిల్లవాడికి ఆ గస్తీయే దిక్కు.

ముత్తియాల్‌పేట, సైదాబాద్, నిఠారీ కేసుల్లో మాత్రం పోర్టల్‌తో పని లేదు. అక్కడ కావలసింది టార్చిలైటు, వీధి పటం, ప్రతి ఇంటి తలుపూ తట్టే పదిమంది కానిస్టేబుళ్లు. మైనర్ బాలికలు తప్పిపోయిన సందర్భాలపై 2002 నవంబరులో హోరీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఇరుగుపొరుగులో వెంటనే విచారించాలని ఉంది. ఎంత విస్తీర్ణంలో, ఎన్ని గంటల్లో, ఎవరి సంతకంతో అన్నది మాత్రం స్థానిక అధికారి విచక్షణకు మిగిలిపోయింది. ఏ ఇల్లు చూశారు, ఏ ఇల్లు తాళం వేసి ఉంది, ఆ తాళం వేసిన మనిషి ఎక్కడున్నాడు అన్న మూడు గడుల పట్టిక ఒకటి తొలి గంటలోనే తయారైతే, రెండో గంటలో 185వ సెక్షన్ కింద కారణం రాయడం కష్టం కాదు. పెద్ద సాంకేతికత అక్కర్లేని ఈ పని మన సంస్కరణల జాబితాల్లో అరుదుగా కనిపించడం ఆశ్చర్యం.

పుదుచ్చేరికి మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఈ కేంద్రపాలిత ప్రాంతపు హద్దులు తమిళనాడు గ్రామాలతో పేనుకుపోయి ఉంటాయి. ముత్తియాల్‌పేట నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కాస్త ఉత్తరంగా వెళితే కోట్టకుప్పం. అది తమిళనాడులోని విళుప్పురం జిల్లా. ఇంకొంచెం ముందుకు వెళితే కాలాపేట. అది మళ్లీ పుదుచ్చేరి. సైకిల్ మీద వెళ్లే దూరంలో పోలీసు పరిధి రెండుసార్లు మారుతుంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న ‘జీరో ఎఫ్‌ఐఆర్’ పద్ధతికి 173వ సెక్షన్ ఇప్పుడు చట్టబద్ధత కల్పించింది. కాగితం హద్దు దాటుతుంది సరే, గాలింపు బృందం కూడా అంతే సులువుగా దాటాలంటే రెండు పోలీసు శాఖల మధ్య ముందే కుదిరిన ఏర్పాటు ఉండాలి.

పేరు ఒకటే, అక్షరాలు వేరు

దూరంగా వెళ్లిపోయిన పిల్లల విషయంలో అడ్డంకి మరో రూపంలో వస్తుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో కాకినాడ పక్కనున్న యానాం కూడా భాగమే. రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం, భాష తెలుగు. యానాం పిల్లవాడొకడు పుదుచ్చేరి బస్టాండులో దొరికాడనుకుందాం. పేరు అడిగిన తమిళ కానిస్టేబులు దాన్ని తమిళ లిపిలో రాసుకుంటాడు. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. ప, ఫ, బ, భ లకూ ఒకటే. భవాని అనే బాలిక పేరు ఆ లిపిలోంచి ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లేసరికి పవాని కావచ్చు, బవాని కావచ్చు. ఇటు యానాంలో తల్లిదండ్రుల ఫిర్యాదు తెలుగు నుంచి నేరుగా ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళుతుంది. అక్షరాన్ని అక్షరంతో పోల్చే కంప్యూటరుకు ఈ ఇద్దరూ వేర్వేరు పిల్లలు.

ఇంటిపేరుతో ఇంకో తికమక. తెలుగువారి పేరు ముందు పొడి అక్షరం ఇంటిపేరుది. తమిళుల పేరు ముందున్నది తండ్రి పేరుది. ‘ఎస్’ అంటే ఏమిటని అడగకుండా రాసుకున్న ఎంట్రీ రెండు రాష్ట్రాల మధ్య అర్థం మార్చుకుంటుంది. ఉచ్చారణను బట్టి పోల్చే పద్ధతులు భాషాశాస్త్రానికి కొత్తవి కావు. బిడ్డ నోట విన్న పేరును ధ్వనిరూపంలో రికార్డు చేసి ఎంట్రీకి జతచేసినా, ఆ భాష తెలిసిన మనిషి విని సరిచేయగలడు.

ముఖాల పోలిక ఈ చిక్కును దాటిస్తుందని ఆశపడ్డారు. 2018లో ఢిల్లీ పోలీసులు ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో సంరక్షణ గృహాల్లోని 45,000 మంది పిల్లల ఫొటోలను పోల్చి, నాలుగు రోజుల్లో 2,930 మందిని గుర్తించినట్లు ప్రకటించారు. తెలంగాణ పోలీసులు అదే ఏడాది దర్పణ్ అనే పరికరాన్ని తెచ్చారు; ఉత్తరాదిన తప్పిపోయి ఈశాన్యంలో తేలిన పిల్లలను కూడా అది కలిపింది. కానీ 2019లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన వివరాలు ఉత్సాహాన్ని తగ్గించాయి. వ్యవస్థ కచ్చితత్వం ఒక శాతం కూడా లేదని, బాలురను బాలికల నుంచి వేరుచేయలేకపోతోందని తేలింది. ఎదిగే పిల్లల ముఖం ఏడాదికేడాది మారిపోతుంది. సంరక్షణ గృహంలో తీసిన ఫొటో మూడేళ్ల కిందటి బడి ఫొటోతో సరిపోలకపోవడంలో వింతేమీ లేదు.

కబురు ఎవరి నోట వెళ్లాలి?

1996 జనవరిలో టెక్సస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో తొమ్మిదేళ్ల ఆంబర్ హాగర్‌మన్ అపహరణకు గురై, నాలుగు రోజుల తర్వాత ఒక వాగులో శవమై దొరికింది. ఆమె పేరు మీదే ఆంబర్ అలర్ట్ పుట్టింది. బిడ్డను ఎత్తుకెళ్లారని పోలీసులు నిర్ధారించుకోగానే ఆ ప్రాంతపు రేడియోలకు, టీవీలకు, ఫోన్లకు ఏకకాలంలో హెచ్చరిక వెళుతుంది. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ విధానాన్ని మన దేశంలోనూ 2023లో విపత్తుల కోసం పరీక్షించారు. పెద్ద బీప్ శబ్దంతో ఆ సందేశం అందుకున్నవారికి గుర్తుండే ఉంటుంది.

అయితే పిల్లల విషయంలో సందేశం రెండంచుల కత్తి అని ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులతో తిరువణ్ణామలై జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇవ్వబోయిన ఒక వృద్ధురాలిని జనం కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్‌లోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఇలాంటి అనుమానానికే బలయ్యారు. వదంతి ఖాళీని వెదుక్కుంటుంది. బిడ్డ వయసు, దుస్తులు, చివరిసారి కనిపించిన చోటు, ఫోన్ చేయాల్సిన నంబరు ఉన్న పోలీసు ప్రకటన మొదటి గంటలోనే స్థానిక భాషలో వస్తే, ఆ ఖాళీ తగ్గుతుంది. యానాంలో అది తెలుగులో, మాహేలో మలయాళంలో రావాలి; పుదుచ్చేరి బస్టాండులో తమిళంతోపాటు తెలుగులోనూ ఉండాలి.

బిడ్డ దొరికాక, ముఖ్యంగా లైంగిక నేరం బయటపడ్డాక, చట్టం దిశ మారుతుంది. అంతదాకా గోడగోడకూ అంటించిన పేరు, ముఖం ఆ క్షణం నుంచి దాచాల్సినవి అవుతాయి. పోక్సో చట్టంలోని 23వ సెక్షన్, బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ గుర్తింపును బయటపెట్టడాన్ని నిషేధిస్తున్నాయి. మరణించిన బిడ్డకూ ఆ మర్యాద వర్తిస్తుంది. ఈ కథనంలో ముత్తియాల్‌పేట బాలిక పేరు లేకపోవడానికి అదే కారణం. వ్యాప్తిలోకి పంపిన ఫొటోను వెనక్కి రప్పించే బాధ్యతను కూడా తొలి ప్రకటన ఇచ్చిన విభాగానికే అప్పగించడం సబబు.

నాలుగు నెలలైనా బిడ్డ దొరకకపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి బదిలీ చేయాలి. ఆ విభాగం మూడు నెలలకోసారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పురోగతి తెలపాలి. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు అదే స్టేషన్ చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతుంటారు.

ఫిర్యాదు చేసేవారికి అవసరమైనవి మరికొన్ని. అత్యవసర నంబరు 112; పిల్లల సహాయవాణి 1098. ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్ఐకి తగ్గని హోదా గల బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి; ఆ అధికారి ఎవరని పేరు పెట్టి అడగవచ్చు. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. చేతికి వచ్చిన ఆ ప్రతిలో 137వ సెక్షన్ ఉందా, కేవలం ‘అదృశ్యం’ అనే ఉందా అన్నది చూసుకోవాలి. నమోదుకు నిరాకరిస్తే ఫిర్యాదును పోలీసు సూపరింటెండెంట్‌కు పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. అత్యాచారం, అక్రమ రవాణా వంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహితలోని 199వ సెక్షన్ జైలు శిక్ష విధిస్తోంది. బిడ్డ అపహరణకు సంబంధించిన 137వ సెక్షన్ ఆ జాబితాలో లేదు.